క్రియ వెంట నడిచే చిన్న మాట: ఇంగ్లీషులో ప్రిపొజిషన్ల ఎంపిక

ఇంగ్లీషు నేర్చుకునే మన పిల్లలకు పెద్ద పెద్ద మాటలు అంత కష్టం కావు. 'కాన్‌స్టిట్యూషన్', 'ఫోటోసింథసిస్' లాంటివి చక్కగా పలుకుతారు, రాస్తారు. వాళ్లు తడబడేది 'టు', 'ఫర్', 'ఆన్', 'ఇన్', 'ఆఫ్', 'విత్', 'ఫ్రమ్' అనే రెండు నుంచి నాలుగు అక్షరాల మాటల దగ్గర. స్కాలర్‌షిప్ దరఖాస్తులోను, ఉద్యోగ ఇంటర్వ్యూలోను, బ్యాంకు పరీక్షలోను, గల్ఫ్ ప్రయాణానికి ముందు సంతకం చేసే కాగితంలోను చివరికి లెక్కకు వచ్చేవి ఈ చిన్న మాటలే. అందుకే ఈ సంచికలో మన విద్యార్థుల కోసం, వారి తల్లిదండ్రుల కోసం ఈ పాఠాన్ని అందిస్తున్నాం. క్రియ తర్వాత ఏ ప్రిపొజిషన్ రావాలి, ఎక్కడ అసలు రాకూడదు, అది మారితే అర్థం ఎలా మారుతుంది అన్నవే ఇందులోని మూడు ప్రశ్నలు.

తప్పు ఎక్కడ పుడుతుంది?

మనలో చాలామంది పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు చదువుతారు. తెలుగులో విభక్తి మాట చివర వస్తుంది: 'గుంటూరులో'. ఉర్దూలోనూ అంతే: 'గుంటూర్ మే'. ఇంగ్లీషులో అది ముందుకు వెళుతుంది: 'ఇన్ గుంటూర్'. స్థానం మారిన సంగతి పిల్లలు త్వరగానే పట్టుకుంటారు. అసలు చిక్కు వేరే ఉంది. మన విభక్తికి, ఇంగ్లీషు ప్రిపొజిషన్‌కు ఒకటికి ఒకటి అనే లెక్క కుదరదు.

ఇంగ్లీషుకు కూడా ఒకప్పుడు విభక్తి ప్రత్యయాలు ఉండేవి. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో నామవాచకానికి ప్రధానంగా నాలుగు విభక్తులు ఉండేవి. సుమారు 1100 తర్వాతి రెండు మూడు శతాబ్దాల్లో ఆ ప్రత్యయాలు చాలావరకు అరిగిపోయాయి. వాటి పని ప్రిపొజిషన్ల మీద పడింది. ఏ క్రియకు ఏ ప్రిపొజిషన్ అన్నది సూత్రం ప్రకారం కాక వాడుక ప్రకారం స్థిరపడింది. కాబట్టి 'ఇక్కడ ఇదే ఎందుకు రావాలి?' అన్న ప్రశ్నకు చాలాసార్లు 'వాడుక అది' అన్నదే జవాబు. అయితే ఆ వాడుకలో కొన్ని వరుసలున్నాయి. వాటిని తెలుసుకుంటే సగం భారం తగ్గుతుంది.

ఒక్క 'సే', ఏడు దారులు

ఉర్దూలో 'సే' అన్న ఒక్క మాట ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు ఎన్ని దారులు పడుతుందో చూడండి.

1. 'కలమ్ సే లిఖో': పరికరం కాబట్టి 'విత్'. 'రైట్ విత్ ఎ పెన్'.
2. 'బస్ సే ఆయా': ప్రయాణ సాధనం కాబట్టి 'బై'. 'హి కేమ్ బై బస్'.
3. 'గుంటూర్ సే ఆయా': బయలుదేరిన చోటు కాబట్టి 'ఫ్రమ్'. 'హి కేమ్ ఫ్రమ్ గుంటూర్'.
4. 'సుబహ్ సే': మొదలైన సమయం కాబట్టి 'సిన్స్'. 'సిన్స్ మార్నింగ్'.
5. 'సాఁప్ సే డర్తా హై': భయం కాబట్టి 'ఆఫ్'. 'హి ఈజ్ అఫ్రెయిడ్ ఆఫ్ స్నేక్స్'.
6. 'ఉస్ సే పూఛో': ఇక్కడ ఏమీ రాదు. 'ఆస్క్ హిమ్'.
7. 'ఉస్ సే షాదీ కీ': ఇక్కడా ఏమీ రాదు. 'హి మ్యారీడ్ హర్'.

'అఫ్రెయిడ్ ఫ్రమ్ స్నేక్స్' అని రాసిన పిల్లవాడు గుడ్డిగా రాయలేదు. తనకు తెలిసిన 'సే'ని నమ్మకంగా 'ఫ్రమ్' చేశాడు. 'మ్యారీడ్ విత్ హర్' అన్న అమ్మాయి కూడా అంతే. ఈ కారణం చెబితే పిల్లలు తప్పును మళ్లీ చేయరు. కారణం చెప్పకుండా ఎర్ర సిరాతో కొట్టేస్తే మళ్లీ చేస్తారు.

తెలుగు 'తో' కూడా ఇలాంటిదే. 'కత్తితో కోశాడు' అన్నప్పుడు 'విత్' సరిపోతుంది. 'జ్వరంతో బాధపడుతున్నాడు' అంటే 'సఫరింగ్ విత్' కాదు, 'సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్'. 'నాతో చెప్పాడు' అంటే 'టోల్డ్ విత్ మి' కాదు, 'టోల్డ్ మి'. 'మీద' సంగతి చూద్దాం. 'తండ్రి మీద ఆధారపడ్డాడు' అన్నది అదృష్టవశాత్తు కలిసింది: 'డిపెండ్స్ ఆన్ హిజ్ ఫాదర్'. 'నా మీద కోపం' కలవదు: 'యాంగ్రీ విత్ మి'. 'దేవుడి మీద విశ్వాసం' కూడా కలవదు: 'బిలీవ్ ఇన్ గాడ్'.

ప్రిపొజిషన్ అక్కరలేని క్రియలు

మేము దిద్దే దరఖాస్తుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు అవసరం లేని చోట ప్రిపొజిషన్ పెట్టడం. ఈ కింది క్రియల తర్వాత కర్మ నేరుగా రావాలి.

'డిస్కస్': 'వుయ్ డిస్కస్డ్ ది ప్రాబ్లమ్'. 'డిస్కస్డ్ అబౌట్' తప్పు.
'రీచ్': 'ఐ రీచ్‌డ్ ది స్టేషన్'. 'రీచ్‌డ్ టు' తప్పు.
'ఎంటర్': 'షి ఎంటర్డ్ ది రూమ్'. 'ఎంటర్డ్ ఇన్‌టు ది రూమ్' తప్పు.
'ఆన్సర్': 'ఆన్సర్ ది క్వశ్చన్'. 'ఆన్సర్ టు ది క్వశ్చన్' అని ఆజ్ఞాపించకూడదు.
'రిజెంబుల్': 'హి రిజెంబుల్స్ హిజ్ అంకుల్'. 'విత్', 'టు' రెండూ వద్దు.
'కాంటాక్ట్': 'కాంటాక్ట్ ది ఆఫీస్'.
'రిక్వెస్ట్': 'ఐ రిక్వెస్ట్ యువర్ హెల్ప్'.
'ఆర్డర్': 'హి ఆర్డర్డ్ టూ టీస్'.
'ఎంఫసైజ్': 'ది టీచర్ ఎంఫసైజ్‌డ్ దిస్ పాయింట్'.
'లాక్': 'ది విలేజ్ లాక్స్ ఎ లైబ్రరీ'.

'డిస్కస్ అబౌట్' మన నోట ఇంత సులువుగా ఎందుకు వస్తుంది? 'ఫీజు గురించి చర్చించాం' అని తెలుగులో అంటాం కాబట్టి. ఇక్కడ ఒక చక్కని సంగతి ఉంది. మన బడి వ్యాకరణంలో 'ని, ను, ల, కూర్చి, గురించి' ఇవన్నీ ద్వితీయా విభక్తి కిందికే వస్తాయి. అంటే 'గురించి' కూడా కర్మను చూపే ప్రత్యయమే. ఇంగ్లీషులో కర్మను చూపడానికి ప్రత్యయం అక్కరలేదు, క్రియ పక్కన నిలబడితే చాలు. కాబట్టి 'ఫీజు గురించి చర్చించాం' అన్నదానికి సరైన ఇంగ్లీషు 'వుయ్ డిస్కస్డ్ ది ఫీజ్' అనే. అయితే 'టాక్', 'స్పీక్', 'థింక్' క్రియలకు 'అబౌట్' వస్తుంది: 'వుయ్ టాక్డ్ అబౌట్ ది ఫీజ్'. 'డిస్కస్' అన్నప్పుడు 'అబౌట్' దాని లోపలే ఉందని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది.

ఒక బంగారు సూత్రం

పై మాటల్లో చాలావాటికి నామవాచక రూపం కూడా ఉంది. క్రియగా ఉన్నప్పుడు అక్కరలేని ప్రిపొజిషన్ నామవాచకంగా మారినప్పుడు వచ్చి చేరుతుంది. తికమకకు అసలు మూలం ఇదే.

క్రియ: 'డిస్కస్ ది ఫీజ్'. నామవాచకం: 'ఎ డిస్కషన్ అబౌట్ ది ఫీజ్'.
క్రియ: 'రిక్వెస్ట్ హెల్ప్'. నామవాచకం: 'ఎ రిక్వెస్ట్ ఫర్ హెల్ప్'.
క్రియ: 'ఎంఫసైజ్ దిస్'. నామవాచకం: 'ఎంఫసిస్ ఆన్ దిస్'.
క్రియ: 'ఆన్సర్ ది క్వశ్చన్'. నామవాచకం: 'ది ఆన్సర్ టు ది క్వశ్చన్'.
క్రియ: 'విజిట్ ఢిల్లీ'. నామవాచకం: 'ఎ విజిట్ టు ఢిల్లీ'.
క్రియ: 'లాక్ మనీ'. నామవాచకం: 'లాక్ ఆఫ్ మనీ'.
క్రియ: 'డిమాండ్ జస్టిస్'. నామవాచకం: 'ఎ డిమాండ్ ఫర్ జస్టిస్'.

సందేహం వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మాట ఇక్కడ పని చేస్తున్నదా, పేరుగా నిలిచిందా? పని అయితే నేరుగా కర్మ. పేరు అయితే మధ్యలో ప్రిపొజిషన్. ఇది అన్ని క్రియలకూ చెల్లే సూత్రం కాదు, పైన చెప్పిన వర్గానికి మాత్రమే.

తప్పక కావలసిన చోట్లు

ఇప్పుడు దీనికి ఎదురు వర్గం. తెలుగులో 'పాట వింటున్నాను' అంటాం, ప్రత్యయం లేదు. ఇంగ్లీషులో 'లిసన్ టు ది సాంగ్' అనాలి. అలాగే 'వెయిట్ ఫర్ ది బస్', 'లుక్ ఎట్ ది బోర్డ్', 'బిలాంగ్స్ టు మి', 'అరైవ్ ఎట్ ది స్టేషన్', 'రిప్లై టు ది లెటర్'. చివరి రెండూ గమనించండి. 'రీచ్'కు అక్కరలేదు, 'అరైవ్'కు 'ఎట్' కావాలి. 'ఆన్సర్'కు అక్కరలేదు, 'రిప్లై'కి 'టు' కావాలి. అర్థం ఒకటే అయినా మర్యాద వేరు. ఇలాంటివాటిని జంటగా నేర్చుకుంటే మరచిపోరు.

చెప్పడానికి సంబంధించిన క్రియలు రెండు జట్లుగా ఉంటాయి. 'టెల్', 'ఆస్క్', 'ఇన్‌ఫామ్' తర్వాత మనిషి నేరుగా వస్తాడు: 'టెల్ మి', 'ఆస్క్ హర్', 'ఇన్‌ఫామ్ ది ప్రిన్సిపాల్'. 'సే', 'ఎక్స్‌ప్లెయిన్', 'సజెస్ట్', 'కంప్లెయిన్', 'డిస్క్రైబ్' తర్వాత మనిషికి ముందు 'టు' ఉండాలి: 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి'. 'ఎక్స్‌ప్లెయిన్ మి ది లెసన్' అన్నది తరగతి గదుల్లో రోజూ వినిపించే తప్పు.

మనిషి, విషయం రెండూ ఉండే క్రియలు ఇంకొన్ని ఉన్నాయి. వీటిని వాక్యంగానే కంఠస్థం చేయాలి.

'కంగ్రాచ్యులేట్ హర్ ఆన్ హర్ రిజల్ట్': ఫలితానికి అభినందించడం.
'అక్యూజ్ హిమ్ ఆఫ్ థెఫ్ట్': దొంగతనం చేశాడని నింద మోపడం.
'బ్లేమ్ హిమ్ ఫర్ ది డిలే': ఆలస్యానికి తప్పు పట్టడం.
'ప్రివెంట్ హర్ ఫ్రమ్ గోయింగ్': వెళ్లకుండా ఆపడం.
'అప్లై టు ది కాలేజ్ ఫర్ ఎ సీట్': ఎవరికి దరఖాస్తు చేస్తామో వారికి 'టు', దేని కోసం చేస్తామో దానికి 'ఫర్'.

ఈ చివరి వాక్యం స్కాలర్‌షిప్ కోరే ప్రతి విద్యార్థికీ పనికొస్తుంది. 'ఐ అప్లై టు ది స్కాలర్‌షిప్' అని కాక 'ఐ యామ్ అప్లయింగ్ ఫర్ ది స్కాలర్‌షిప్' అని రాయండి.

చిన్న మాట మారితే అర్థమే మారుతుంది

'లుక్ ఎట్' అంటే చూడటం. 'లుక్ ఫర్' అంటే వెతకడం. 'లుక్ ఆఫ్టర్' అంటే చూసుకోవడం, సంరక్షించడం. 'లుక్ ఇన్‌టు' అంటే విచారించడం.

'షౌట్ టు' అంటే దూరంగా ఉన్నవారికి వినపడేలా పిలవడం. 'షౌట్ ఎట్' అంటే కోపంతో అరవడం.

'రిజల్ట్ ఇన్' తర్వాత ఫలితం వస్తుంది, 'రిజల్ట్ ఫ్రమ్' తర్వాత కారణం వస్తుంది. 'హార్డ్ వర్క్ రిజల్ట్స్ ఇన్ సక్సెస్', 'సక్సెస్ రిజల్ట్స్ ఫ్రమ్ హార్డ్ వర్క్'. రెండూ ఒకే సత్యం, దిశ వేరు.

'అటెండ్ ది క్లాస్' అంటే తరగతికి హాజరు కావడం. 'అటెండ్ టు ది పేషెంట్' అంటే రోగి అవసరాలు చూడటం. నర్సింగ్ చదివే అమ్మాయిలు ఈ తేడాను బాగా గుర్తుంచుకోవాలి.

వారే గుర్తుంచుకోవలసిన మరో జంట ఉంది. 'రిప్లేస్ ఎ విత్ బి' అంటే ఎ పోయి బి వస్తుంది. 'సబ్‌స్టిట్యూట్ ఎ ఫర్ బి' అంటే బి పోయి ఎ వస్తుంది. ఎ, బి అన్నచోట రెండు మందుల పేర్లు పెట్టి చూడండి. ఒక్క ప్రిపొజిషన్‌ను తప్పుగా చదివితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

సంతకానికి ముందు చదవవలసినవి

మన కుటుంబాల్లో విదేశాలకు పనికి వెళ్లేవారు చాలామంది. అక్కడి ఒప్పంద పత్రం చాలాసార్లు ఇంగ్లీషులో కూడా ఉంటుంది. దాన్ని చదివి పెద్దలకు చెప్పవలసింది ఇంట్లో చదువుకునే పిల్లలే. కాబట్టి ఈ క్రియలను తప్పక తెలుసుకోండి.

'ది కంపెనీ విల్ పే ఫర్ ది టికెట్': టికెట్ ఖర్చు కంపెనీ భరిస్తుంది.
'ది వర్కర్ విల్ బి చార్జ్‌డ్ ఫర్ ది టికెట్': టికెట్ డబ్బు పనివాడి నుంచి వసూలు చేస్తారు. ఇందులో 'ఫర్' పోయి 'విత్' వస్తే సంగతి మొత్తం మారుతుంది. 'చార్జ్‌డ్ విత్ థెఫ్ట్' అంటే దొంగతనం నేరం మోపడం.
'ది కంపెనీ విల్ ప్రొవైడ్ ది వర్కర్ విత్ ఫుడ్': పనివాడికి భోజనం కంపెనీ ఇస్తుంది.
'ది కాస్ట్ ఆఫ్ ఫుడ్ విల్ బి డిడక్టెడ్ ఫ్రమ్ ది శాలరీ': భోజనం ఖర్చు జీతంలోంచి కోస్తారు. 'ఫ్రమ్' తర్వాత ఏ మాట ఉందో దానిలోంచే కోత అని అర్థం.
'ది కంపెనీ విల్ కాంపెన్సేట్ ది వర్కర్ ఫర్ ఓవర్‌టైమ్': అదనపు గంటలకు డబ్బు ఇస్తారు. క్రియ పక్కనే ఉన్నవాడు డబ్బు పుచ్చుకునేవాడు. అదే వాక్యంలో 'వర్కర్', 'కంపెనీ' స్థానాలు మారితే ఇవ్వవలసింది పనివాడే.
'ది వర్కర్ షల్ కంప్లై విత్ ది రూల్స్': నియమాలకు కట్టుబడాలి.

'అగ్రీ' క్రియను కూడా ఇక్కడే చూద్దాం. 'అగ్రీ విత్ ఎ పర్సన్' అంటే ఒక మనిషి అభిప్రాయంతో ఏకీభవించడం. 'అగ్రీ టు ది టర్మ్స్' అంటే షరతులకు ఒప్పుకోవడం. 'అగ్రీ ఆన్ ఎ డేట్' అంటే ఇరుపక్షాలు కలిసి ఒక తేదీ నిర్ణయించుకోవడం. సంతకం చేయడమంటే 'అగ్రీ టు'. చేసిన తర్వాత 'నేను ఒప్పుకోలేదు' అనడం కష్టం.

ప్రిపొజిషన్ తర్వాత క్రియ వస్తే

ప్రిపొజిషన్ తర్వాత మళ్లీ క్రియ రావలసి వస్తే దానికి 'ఇంగ్' చేరుస్తాం. 'హి సక్సీడెడ్ ఇన్ గెటింగ్ ఎ సీట్', 'షి ఇన్‌సిస్టెడ్ ఆన్ పేయింగ్'. ఉత్తరాల చివర రాసే వాక్యంలో చాలామంది పొరబడతారు: 'ఐ లుక్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు' తప్పు. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు' సరైనది. ఇక్కడి 'టు' ప్రిపొజిషన్. 'ఐ వాంట్ టు గో'లోని 'టు' క్రియ రూపంలో భాగం. పరీక్షించాలంటే 'టు' తర్వాత ఒక నామవాచకం పెట్టి చూడండి. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు ది హాలిడేస్' కుదిరింది, కాబట్టి అది ప్రిపొజిషన్.

ఎలా అభ్యసించాలి?

మన పాత తరం చదివిన రెన్, మార్టిన్‌ల వ్యాకరణంలో ఏ మాట వెంట ఏ ప్రిపొజిషన్ వస్తుందో పెద్ద జాబితాలే ఉన్నాయి. జాబితా చూసుకోవడానికి మంచిది, కంఠస్థం చేయడానికి కాదు. అంతకంటే మేలైన సాయం విద్యార్థుల నిఘంటువు. ఎ. ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు బోధిస్తూ, విదేశీ విద్యార్థులకు మాట అర్థం ఒక్కటే చాలదనీ, దాన్ని వాక్యంలో ఎలా వాడాలో కూడా చెప్పాలనీ గ్రహించి, సహచరులతో కలిసి ఒక నిఘంటువు తయారు చేశారు. అది 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చింది. నేటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని కొనసాగింపే. ఇలాంటి నిఘంటువులో క్రియ పక్కనే దాని ప్రిపొజిషన్ కనిపిస్తుంది. తెలుగు అర్థం చూసి మూసేయకుండా ఉదాహరణ వాక్యం కూడా చదవండి.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పేజీని నాలుగు గడులు చేయండి. మొదటి గడిలో క్రియ, రెండో గడిలో ప్రిపొజిషన్ లేదా సున్నా, మూడో గడిలో మీ జీవితానికి సంబంధించిన ఒక ఇంగ్లీషు వాక్యం, నాలుగో గడిలో అదే వాక్యం ఉర్దూలోనో తెలుగులోనో రాయండి. రోజుకు మూడు క్రియలు చాలు. ఏడాదికి వెయ్యి దాటుతాయి. పరీక్షకైనా ఉద్యోగానికైనా అంతకు మించి అవసరం లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీకు ఇంగ్లీషు రాకపోయినా పిల్లలకు సాయం చేయగలరు. నాలుగో గడిలోని వాక్యాన్ని మీరు చదివి వినిపించండి, మూడో గడిలోది వారు చూడకుండా చెప్పాలి. అమ్మీ అడిగితే పిల్లలు శ్రద్ధగా చెబుతారు. తప్పు చెబితే నవ్వకండి, ఇతరుల ముందు ఎత్తి చూపకండి. 'డిస్కస్ అబౌట్' అన్న పిల్లవాడికి తెలివి తక్కువేమీ కాదు, వాడి తలలో రెండు మూడు భాషలు ఒకేసారి పని చేస్తున్నాయి. మాకు కనిపించే అసలు నష్టం తప్పు మాట్లాడేవారి దగ్గర లేదు. తప్పు వస్తుందేమోనని నోరే విప్పకుండా ఇంటర్వ్యూ గదిలోంచి బయటికి వచ్చేసేవారి దగ్గర ఉంది.

అభ్యాసం

ఖాళీల్లో తగిన ప్రిపొజిషన్ రాయండి. అక్కరలేని చోట సున్నా పెట్టండి. జవాబులు చూడకముందే పూర్తి చేయండి.

1. వుయ్ డిస్కస్డ్ ___ ది ఫీజ్.
2. షి ఈజ్ సఫరింగ్ ___ ఫీవర్.
3. ఐ అప్లైడ్ ___ ది బ్యాంక్ ___ ఎ లోన్.
4. ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ ది సమ్ ___ మి.
5. హి ఎంటర్డ్ ___ ది హాల్.
6. దే రిప్లైడ్ ___ మై లెటర్.
7. హర్ హార్డ్ వర్క్ రిజల్టెడ్ ___ సక్సెస్.
8. ది డాక్టర్ ఈజ్ అటెండింగ్ ___ ది పేషెంట్.
9. మై సిస్టర్ మ్యారీడ్ ___ యాన్ ఇంజనీర్.
10. వుయ్ కంగ్రాచ్యులేటెడ్ హర్ ___ హర్ రిజల్ట్.

జవాబులు: 1. సున్నా. 2. ఫ్రమ్. 3. టు, ఫర్. 4. టు. 5. సున్నా. 6. టు. 7. ఇన్. 8. టు. 9. సున్నా. 10. ఆన్.

ఎనిమిది లేదా అంతకు మించి సరిగా రాసినవారు ఈ పాఠాన్ని తమ్ముడికో చెల్లెలికో చెప్పండి. చెబితే మీకు ఇంకా గట్టిపడుతుంది. అయిదు లోపు వచ్చినవారు నిరాశపడనక్కరలేదు. నోటుపుస్తకం ఈ రోజే మొదలుపెట్టి, మూడు నెలల తర్వాత ఈ పది వాక్యాలను మళ్లీ రాసి చూడండి. వచ్చే విద్యా సంవత్సరం దరఖాస్తుల్లో 'అప్లయింగ్ ఫర్' అని సరిగా రాసిన ఉత్తరాలు ఎక్కువగా చూడాలని కోరుకుంటున్నాం, ఇన్షా అల్లాహ్.